అటు తీసుకున్న అడ్వాన్సు మాదా? ఇటు కట్టిన అడ్వాన్సు పోయినట్టేనా?

ప్రశ్న: రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి మాకు చాలా పెద్ద ఉత్తరం రాశారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి క్లుప్తంగా ఇస్తున్నాం.

దానవాయిపేటలో ఆమె మామగారు తన సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఉంది. ఆయన పోయి పదేళ్లు దాటింది, అత్తగారు కూడా కోవిడ్ సమయంలో పోయారు. పిల్లలు ఇద్దరే: ఈమె భర్త, తణుకులో ఉండే ఆయన అక్క. మామగారు వీలునామా రాయలేదు. "ఇల్లు నీదేరా" అని నోటి మాటగా అన్నారట. ఇంటి పన్ను, కరెంటు మీటరు భర్త పేరు మీదకు మారాయి. మేడ మీద వాటా కూడా ఆయన సొంత డబ్బుతోనే వేశారు.

కొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి ఇల్లు అమ్మి అక్కడికే వెళ్ళిపోదామనుకున్నారు. మధ్యవర్తి ఒక పార్టీని తెచ్చాడు. 84 లక్షలకు బేరం కుదిరింది. 100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకున్నారు. పది లక్షల అడ్వాన్సులో ఆరు లక్షలు చెక్కుగా, నాలుగు లక్షలు నగదుగా అందాయి. అగ్రిమెంటులో ఆరు లక్షలే రాశారు. గడువు టైపులో 60 రోజులని ఉంటే దాన్ని కొట్టేసి పెన్నుతో 90 అని దిద్దారు. ఆ దిద్దుడు దగ్గర ఒక్క భర్త పొట్టి సంతకమే ఉంది. సాక్షిగా ఈమె కూడా సంతకం పెట్టారు. ఆ శుక్రవారమే కొనేవాళ్ళ ఇల్లాలు పసుపు కుంకుమలతో వచ్చి, వంటింట్లో ఫ్రిజ్ పట్టే జాగా టేపుతో కొలుచుకుని వెళ్ళారు.

ఆ పది లక్షలకు తమ దగ్గరున్న మరో రెండు కలిపి, విశాఖలోని మధురవాడలో 78 లక్షల ఫ్లాటుకు పన్నెండు లక్షలు అడ్వాన్సుగా కట్టేశారు. ఫ్లాటు అమ్మేవాళ్ళు రిటైరైన దంపతులు, బెంగళూరులో కూతురి దగ్గరకు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నారు.

ఇంతలో కొనేవాళ్ళ బ్యాంకు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగింది. అందులో రెండో పేరు ఆడపడుచుది. ఆమె సంతకం లేకుండా లోన్ కుదరదని బ్యాంకు లాయరు తేల్చేశాడు. విషయం తెలిసిన వదిన, "పుట్టిల్లు అమ్ముతున్నారని నాకు బయటివాళ్ళు చెప్పాలా?" అని ఫోన్ పెట్టేశారు. గడువు దాటింది. అడ్వాన్సు వడ్డీతో సహా 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలని కొనేవాళ్ళు లాయరు నోటీసు పంపారు. "గడువులో డబ్బు కట్టలేదు కాబట్టి అడ్వాన్సు మనదే. పైగా వాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారు, సంతకం ఒక సాకు. నాలుగు లక్షల నగదుకు రుజువే లేదు. లోన్‌తో పనిలేని పార్టీకి అమ్మేద్దాం" అంటున్నారు భర్త. విశాఖ ఫ్లాటు గడువు వచ్చే నెలాఖరుకు అయిపోతుంది. వాళ్ళను మాత్రం "పెద్దవాళ్ళు, మన కష్టం అర్థం చేసుకుంటారు, అడిగితే డబ్బు తిరిగి ఇచ్చేస్తారు" అంటున్నారు. వదినతో మాట్లాడొద్దని ఈమెకు గట్టిగా చెప్పారు. "నేనేం చెయ్యాలి? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మూడు గొడవలు ఉన్నాయి. కొనేవాళ్ళతో ఒకటి, విశాఖ దంపతులతో ఒకటి, వదినగారితో ఒకటి. మీవారు మొదటి రెండింటితో సతమతమవుతూ మూడోదాన్ని పక్కన పెట్టేశారు. నాకైతే ఆ మూడోది తేలితేనే మిగతా రెండూ కదులుతాయనిపిస్తోంది. అయినా మీరు ముందు అడిగింది అడ్వాన్సు గురించి కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

మీ ఉత్తరంలో మూడో పేజీ చివర, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటి ఉంది. గడువు ముగియడానికి ముందు రోజు మీవారు కొనేవాళ్ళకు వాట్సాప్ పెట్టారని రాశారు: "అక్క సంతకం పది రోజుల్లో పెట్టిస్తాను, కొంచెం ఓపిక పట్టండి." మీ కేసులో అన్నింటికన్నా పెద్ద కాగితం అదే. అగ్రిమెంటు కన్నా పెద్దది. లోపం తమ వైపు ఉందని మీవారు ఒప్పుకున్నట్టు దాన్ని చదవవచ్చు, గడువు తనే పొడిగించినట్టూ చదవవచ్చు. ఇంత రాసిన మనిషి ఇప్పుడు "గడువులో డబ్బు కట్టలేదు కాబట్టి అడ్వాన్సు మాదే" అంటే ఏ జడ్జి అయినా ముందు ఆ మెసేజే అడుగుతారు. ఫోన్లోని మెసేజీలను సర్టిఫికెట్ జతచేసి కోర్టులో సాక్ష్యంగా పెట్టవచ్చు. దాన్ని మీ ఫోన్లోంచి తీసేస్తే ఏమీ కలిసిరాదు, అవతలివాళ్ళ ఫోన్లో అది ఉండనే ఉంటుంది. ఆ తర్వాత కోపంలో "మీ డబ్బు పోయింది, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని కూడా పెట్టారన్నారు. దయచేసి ఇక మీదట ఆ నంబరుకు ఏ మెసేజీ వెళ్ళకుండా చూడండి.

ఇక చట్టం సంగతి. అగ్రిమెంటులో "కొనేవారు తప్పితే అడ్వాన్సు పోతుంది, అమ్మేవారు తప్పితే రెట్టింపు ఇవ్వాలి" అని రాసి ఉందన్నారు. డాక్యుమెంటు రైటర్లు అందరికీ ఒకే నమూనా వాడతారు కాబట్టి ఈ వాక్యం దాదాపు ప్రతి అగ్రిమెంటులో కనిపిస్తుంది. రాసుకున్నంత మాత్రాన అది అక్షరాలా జరిగిపోదు. నష్టానికి తగిన పరిహారమే ఇప్పించాలని, కాగితం మీద రాసుకున్న మొత్తాన్ని దానికి పైహద్దుగానే చూడాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 చెబుతుంది. పైగా, ఒప్పందానికి హామీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో భాగంగా ముందే ఇచ్చిన సొమ్ము వేరు అని సుప్రీంకోర్టు చెప్పింది. జప్తు చేసుకునే వీలు మొదటిదానికే ఉంది. అలాగని కొనేవాళ్ళు ఎప్పుడూ గెలుస్తారనీ కాదు. 2025లో ఒక కేసులో, గడువులోపు మిగతా సొమ్ము కట్టలేకపోయిన కొనుగోలుదారుకు 20 లక్షల అడ్వాన్సు తిరిగి ఇప్పించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీవారు ఈ తీర్పు గురించి ఎక్కడో చదివి ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ అక్కడ డబ్బు సమకూర్చుకోలేకపోయింది కొన్న మనిషి. మీ దగ్గర డబ్బు ఆగింది మీవారి హక్కు కాగితాల వల్ల. జప్తు చేసుకోవాలంటే తప్పు అవతలివాళ్ళదై ఉండాలి కదా.

ఆ హక్కు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఇంటి పన్ను రసీదు మీద పేరు మారితే ఇల్లు మనదైపోతుందని మన ఊళ్ళల్లో చాలామంది అనుకుంటారు. మున్సిపాలిటీకి పన్ను ఎవరు కడతారన్నదే కావాలి. వారసులెవరో తేల్చడం దాని పని కాదు. మామగారు సొంతంగా సంపాదించిన ఇల్లు, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకుకు, కూతురుకు సమాన వాటాలు వస్తాయి. అత్తగారి వాటా కూడా ఆవిడ తర్వాత పిల్లలిద్దరికే వస్తుంది. మొత్తం మీద ఇంట్లో సగం మీవారిది, సగం మీ వదినగారిది. పెళ్ళిలో ఎంత కట్నం ఇచ్చారు, ఎన్ని పసుపు కుంకుమలు పెట్టారు అన్న లెక్క దీన్ని మార్చదు. వీలునామా అంటే రాతపూర్వకంగా, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉండాలి. కాబట్టి "నీదేరా" అన్న మాట కోర్టులో నిలబడదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటా గురించి ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన చట్టం, 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ అంటూ చర్చలు జరుగుతుంటాయి. మీ విషయంలో అంత దూరం వెళ్ళనక్కర్లేదు, ఇది మామగారి స్వార్జితం.

మీవారి వైపు న్యాయం కూడా ఉంది. మేడ మీద వాటా ఆయన డబ్బుతో లేచింది, అత్తగారిని చివరిదాకా చూసుకుంది మీరిద్దరూ. పంపకం మాట వచ్చినప్పుడు మేడకు పెట్టిన ఖర్చు లెక్కలోకి తీసుకోమని ఆయన అడగవచ్చు. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటే ఇప్పుడే బయటకు తీయండి. అవి అక్కతో మాట్లాడటానికి పనికొస్తాయి, అక్కను దాటవేయడానికి పనికిరావు.

"లోన్‌తో పనిలేని పార్టీ" ఆలోచన నన్ను అన్నిటికంటే భయపెట్టింది. ఆ కొత్త పార్టీకి దక్కేది మీవారి సగమే. మీ వదినగారు ఎప్పుడైనా తన వాటా పంచి ఇమ్మని పార్టిషన్ దావా వేయవచ్చు. అప్పుడు ఆ కొన్నవాళ్ళు మీవారి మీదకే వస్తారు. హక్కులో లోపం ఉందని తెలిసీ చెప్పకుండా అమ్మితే దాన్ని మోసంగానే చూడాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 స్పష్టంగా చెబుతోంది. నిన్నటిదాకా తెలియదని అనుకున్నా, ఇప్పుడు బ్యాంకు లాయరు రాసిచ్చాక తెలియదని అనడానికి లేదు. పైగా ఇప్పటి కొనుగోలుదారులు తామిచ్చిన అడ్వాన్సు మేరకు ఆ ఇంటి మీదే హక్కు అడగవచ్చు. వాళ్ళు దావా వేశాక ఇంకెవరు కొన్నా ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. రాజమండ్రిలో లోన్ లేకుండా 84 లక్షలు పోసే మనిషి ఇలాంటి ఇంటిని ఊరికే కొనడు. ధరలో పది పదిహేను లక్షలు కోసేసి కొంటాడు.

నాలుగు లక్షల నగదు. "రుజువు లేదు" అన్న మాట వినగానే మీకు మనసు ఒప్పలేదని రాశారు. ఒప్పకపోవడమే మంచిది. మధ్యవర్తి చూస్తుండగా లెక్కపెట్టి తీసుకున్నారు, అతన్ని సాక్షిగా పిలవవచ్చు. మిమ్మల్ని కూడా పిలవవచ్చు. సాక్షి సంతకం పెట్టినందువల్ల అప్పు మీ మెడకు చుట్టుకోదు గానీ, బోనులో నిలబడి ప్రమాణం చేసి "నాలుగు లక్షలు తీసుకోలేదు" అనగలరా? ఇంకో సంగతి. స్థిరాస్తి అడ్వాన్సుగా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. తీసుకున్నవాళ్ళకు అంత మొత్తమూ పెనాల్టీ పడవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా నగదు పనికిరాదు. రెండు లక్షలు, ఆపైన నగదు చేతులు మారిందని దావాలో చెబితే కోర్టులు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. అంటే ఆ నాలుగు లక్షల మాట కోర్టుకెక్కితే ఇబ్బంది రెండు వైపులా ఉంది. రాజీకి రావడానికి అవతలివాళ్ళకూ ఇది ఒక కారణమే. ఈ ఒక్క ముక్క విషయంలో మాత్రం ఆడిటరును అడగకుండా అడుగు వేయకండి. దాన్ని కప్పిపెట్టడానికి ఇంకో దొంగ కాగితం రాయించుకోవద్దు.

కొనేవాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారన్న మీవారి అనుమానం నిజమే కావచ్చు. బ్యాంకు అభ్యంతరం నిజం, వాళ్ళ మనసు మారడమూ నిజం కావచ్చు, రెండూ ఒకేసారి జరుగుతాయి. అది తేల్చుకోవడానికి పద్ధతి ఉంది. బ్యాంకు లాయరు రాసిన అభిప్రాయం కాపీ ఇమ్మని వాళ్ళను రాతపూర్వకంగా అడగండి. దాంట్లో అడిగినవన్నీ సరిచేసి, "మేం సిద్ధం, ఫలానా తేదీలోగా రిజిస్ట్రేషన్‌కు రండి" అని లాయరు ద్వారా నోటీసు ఇవ్వండి. వస్తే ఇల్లు అమ్ముడుపోతుంది. సరైన కాగితాలు చేతిలో పెట్టినా రాకపోతే, అప్పుడు తప్పు వాళ్ళ వైపుకు వెళుతుంది. అడ్వాన్సులో కొంతైనా ఉంచుకుంటామనే మాటకు అప్పుడు బలం వస్తుంది. ఈ రోజు ఆ బలం లేదు. కానీ ఇదంతా జరగాలంటే వదినగారి సంతకం కావాలి.

సంతకం ఎలా అన్నదానికి రెండు మూడు దారులున్నాయి. అన్నిటికన్నా తేలిక, సేల్ డీడ్‌లో ఆవిడ కూడా అమ్మేవారిగా మీవారి పక్కన సంతకం పెట్టడం. అప్పుడు కొనేవాళ్ళు ఆవిడ వాటా డబ్బు ఆవిడ ఖాతాకే వేస్తారు, దాని మీద పన్ను ఆవిడే చూసుకుంటారు. ఆవిడ తన హక్కు వదులుకోదలిస్తే రిలీజ్ డీడ్ రాయాలి. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాలి, తెల్ల కాగితం మీద "నాకేమీ వద్దు" అని రాయించుకుంటే ఏ బ్యాంకూ ఒప్పుకోదు. తాను రాలేకపోతే నమ్మకమైన వాళ్ళకు రిజిస్టర్డ్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. ఏదైనా సరే, ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెడుతున్నారో ఆవిడకు పూర్తిగా తెలిసి పెట్టాలి. బ్యాంకు పని అనో, ఇంటి పన్ను పని అనో చెప్పి తీసుకున్న సంతకం తర్వాత రద్దు కావచ్చు. అన్నాచెల్లెళ్ళ, అక్కాతమ్ముళ్ళ మధ్య కోర్టు కేసుల్లో చాలావాటి మొదలు అలాంటి సంతకమే.

ఆవిడ సగం అడిగితే? మీరు ఉత్తరమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగారు గానీ నేరుగా అడగలేదు. లెక్క వేసి చూద్దాం. 84 లక్షల్లో సగం 42. మీ సగంలో పది లక్షలు ఇప్పటికే తీసుకుని విశాఖలో కట్టేశారు కాబట్టి కొత్తగా చేతికొచ్చేది 32 లక్షలు. అక్కడ ఇంకా 66 లక్షలు కట్టాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు ఏడున్నర శాతం చొప్పున మరో ఆరు లక్షల దాకా అవుతుంది. 40 లక్షల లోటు. మీ అబ్బాయి ఉద్యోగంలో ఉన్నాడు, తండ్రీకొడుకులు కలిసి హోమ్ లోన్‌కు వెళ్ళవచ్చు. కానీ మీవారి సర్వీసు ఆరేళ్ళే మిగిలింది కాబట్టి వాయిదాల్లో ఎక్కువ భాగం ఆ పిల్లాడి జీతం మీదే పడుతుంది. పెళ్ళి కావాల్సిన అబ్బాయి ఇరవై ఏళ్ళ వాయిదా నెత్తినెత్తుకునే ముందు, అది తన నిర్ణయంగా ఉండాలి. "నీ కోసమే కదా వస్తున్నాం" అని ఒప్పించకండి.

అయితే ఆవిడ సగమే అడుగుతారని ఎవరు చెప్పారు? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వదినగారు "నాకు వాటా కావాలి" అన్నట్టు ఎక్కడా లేదు. "నాకు బయటివాళ్ళు చెప్పాలా" అన్నారు. ఆవిడకేం కావాలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మేడ ఖర్చు తీసేసి మిగిలినదాంట్లో సగం అంటారో, ఒక మొత్తం చాలంటారో, మొత్తం వదిలేస్తారో, అసలు అమ్మనే వద్దంటారో. అమ్మనే వద్దంటే, ఈ బేరం ముందుకు సాగదు, వదిలేసుకోవాల్సిందే. అది ఇప్పుడు తెలియడం, మూడు నెలల తర్వాత తెలియడం కన్నా నయం.

మీరు మాట్లాడాలా వద్దా అన్నది మీ ఇంటి సంగతి మీకే బాగా తెలుసు. మీవారికి చెప్పకుండా ఫోన్ చేస్తే మాట బయటపడుతుంది, ఆయన మొండితనానికి కొత్త సాకు దొరుకుతుంది. ఆయన వద్దన్నారని ఊరుకుంటే నోటీసు గడువు అయిపోతుంది. నేనైతే ముందు ఆయనకు ఆ వాట్సాప్ మెసేజీ చూపించి, "ఇది మీరే రాశారు, మరి అక్కకు ఫోన్ చేశారా?" అని అడగమంటాను. చేయలేదని మీ ఉత్తరాన్ని బట్టే అర్థమవుతోంది. ఆయనకు అక్క మీద కోపం కంటే అక్క ముందు నిలబడటానికి మొహమాటం ఎక్కువుందేమో అని నా అనుమానం. ముందు మీరు వెళ్ళి, తర్వాత ఆయన రావడానికి దారి వేయవచ్చు. "వదినా, మీకు చెప్పకుండా చేయడం మా తప్పే" అన్న మాట వరకే మీది. సంతకం, డబ్బు మాట మీవారు ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సినవి. ఒకవేళ ఆయన ఎంతకీ కదలకపోతే, కుటుంబంలో ఇద్దరూ గౌరవించే పెద్ద ఒకరిని మధ్యలో పెట్టండి. మధ్యవర్తి చేత మాత్రం చెప్పించకండి, అతనికి కావాల్సింది కమీషను.

విశాఖ వాళ్ళ సంగతి. మీవారు మీ ఇల్లు కొనేవాళ్ళకు అగ్రిమెంటు చూపిస్తున్నారు, ఈ దంపతులను జాలి అడుగుతున్నారు. మీ ఇల్లు అమ్ముడుపోలేదన్నది ఆ దంపతులకు సంబంధం లేని విషయం, వాళ్ళ కాగితాల్లో లోపం ఉందని మీరు ఎక్కడా అనలేదు. చట్టం ప్రకారం చూస్తే మీ బలహీనమైన కేసు ఇదే. అక్కడ డబ్బు కట్టలేకపోతున్నది మీరు, పన్నెండు లక్షలూ బ్యాంకు ద్వారా వెళ్ళాయి, 2025 నాటి ఆ తీర్పు వాళ్ళకు పనికొస్తుంది. కొనేవాళ్ళు మీ దగ్గర ఏం అడుగుతున్నారో మీరు వాళ్ళ దగ్గర అదే అడగబోతున్నారు, అదీ వాళ్ళకంటే తక్కువ హక్కుతో.

అందుకని గడువు ముగిశాక కాకుండా ఈ వారమే వెళ్ళి కలవండి. గడువు పెంచమని అడిగితే వాళ్ళు నెలకు ఇంత అని వడ్డీ అడగవచ్చు. ఒప్పుకుంటే అదంతా రెండు వైపులా సంతకాలతో రాసుకోండి, మీ దానవాయిపేట అగ్రిమెంటులో 90 దిద్దినట్టు కాకుండా. వదినగారి సంగతి ఎటూ తేలేలా లేకపోతే, ఫ్లాటు వదులుకుంటామని నిజాయితీగా చెప్పి, వాళ్ళు వేరే పార్టీకి అమ్ముకున్నాక నష్టమేదైనా వస్తే మినహాయించుకుని మిగతాది ఇవ్వమని అడగవచ్చు. మధురవాడ వైపు ఫ్లాటుకు ఇంకో పార్టీ త్వరగానే దొరకవచ్చు. వాళ్ళకు బెంగళూరు ప్రయాణం ఉంది, కోర్టు తలనొప్పి వాళ్ళకూ వద్దు. ఎంతో కొంత పోవచ్చు, మొత్తం పోకుండా చూసుకునే అవకాశం గడువు లోపల ఎక్కువ. పన్ను భయంతో తొందరపడుతున్నట్టయితే, ఇల్లు అమ్మిన తేదీ నుంచి రెండేళ్లలోపు మరో ఇల్లు కొనుక్కున్నా క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) మినహాయింపు ఉంటుంది. ఈలోగా ఆ డబ్బును రిటర్ను గడువులోపు బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో వేయాలి. మధురవాడ ఫ్లాటే కొనాలని ఏమీ లేదు.

వదినగారు ఒప్పుకోక, కొనేవాళ్ళతో ఒప్పందం రద్దే చేసుకోవాల్సి వస్తే, వాళ్ళకు ఇవ్వాల్సిన డబ్బు మీ దగ్గర లేదు, అది విశాఖలో ఉంది. వాయిదాల్లో ఇస్తామని చెప్పవచ్చు. వడ్డీ వదులుకోమనీ అడగవచ్చు, చాలామంది అసలు వస్తే చాలనుకుంటారు. రద్దు పత్రం రాసుకుని, అసలు అగ్రిమెంటు వెనక్కి తీసుకోండి. పోస్ట్‌డేటెడ్ చెక్కులు మాత్రం చేతిలో డబ్బు వస్తుందని ఖాయమైతేనే ఇవ్వండి. చెక్కు బౌన్సయితే ఇప్పటిదాకా సివిల్ గొడవగా ఉన్నది క్రిమినల్ కేసవుతుంది. కోర్టుకు వెళ్ళకముందే రాజీ చేసుకోవాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది. రెండు కుటుంబాలకూ మొహం చెల్లే చోటు అది.

పోరాడతాం అంటారా, అదీ ఒక దారే. అగ్రిమెంటు రిజిస్టరు కాకపోయినా, ఇల్లు రిజిస్టరు చేయించమని వేసే దావాలో దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. స్టాంపు సరిపోలేదంటే పెనాల్టీ కట్టించుకుంటారు. దావా వేయడానికి వాళ్ళకు మూడేళ్ల గడువు ఉంది. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరణతో ఇలాంటి దావాల్లో కొనేవాళ్ళ చేతికి బలం పెరిగింది. అయితే మీవారు సంతకం పెట్టింది ఆయన సగానికే చెల్లుతుంది కాబట్టి కేసు మరింత మెలికపడుతుంది. ఈలోగా ఇల్లు అమ్మలేరు, ఫ్లాటు కొనలేరు, అద్దెకిచ్చినా ఎవరు ఎన్నాళ్ళు ఉంటారో తెలియదు.

ముందు చేయాల్సింది నోటీసుకు జవాబు. పదిహేను రోజుల్లో ఇప్పటికే ఎన్ని గడిచాయో చూసుకోండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు వాదిస్తారు, కోపంగా రాయిస్తే ఆ మాటలే రేపు మీకు అడ్డం వస్తాయి. అగ్రిమెంటు, నోటీసు, వాట్సాప్ మెసేజీల ప్రింట్లు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మామగారి దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), మేడ బిల్లులు తీసుకుని సివిల్ కేసులు చూసే లాయరు దగ్గరకు మీరిద్దరూ కలిసి వెళ్ళండి. నగదు సంగతి దాచకుండా చెప్పండి. మధ్యవర్తి తన కమీషను ఇమ్మని అడుగుతున్నాడని చివర్లో రాశారు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇస్తామన్నదే మీ మాటైతే, అయ్యాకే ఇవ్వండి.